టామ్ డూలీ కథ తెలుగు పాటగా: ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

పని ఇది: అమెరికన్ కంట్రీ సంగీతంలో మర్డర్ బ్యాలడ్ అనే హత్య పాటల కోవ ఒకటుంది. అందులో ఒక నిజమైన కేసు తీసుకుని, పాత పాట వరుసను గానీ మాటలను గానీ అరువు తెచ్చుకోకుండా, నాలుగు నిమిషాల తెలుగు కథాగేయంగా కట్టి రికార్డు చేయాలి. ఒక గొంతు, ఒక గిటారు. ఊరూ పేర్లూ మార్చకూడదు. కథ నార్త్ కరొలినాది, అక్కడే ఉండాలి.

1వ వారం: కేసు ఎంపిక, కాగితాల మీద నిజం

మొదట మూడు కేసులు బల్ల మీదికి వచ్చాయి. డీప్ రివర్‌లో మునిగి చనిపోయిన నయోమీ వైజ్ కథ 19వ శతాబ్దం తొలి దశకానిది. అందులో పాటల పొర మందం, కాగితాల పొర పలచన. నాక్స్‌విల్ అమ్మాయి పాట ఇంగ్లండు కరపత్రాల పాటల నుంచి సముద్రం దాటి వచ్చింది. నాక్స్‌విల్ పేరు తర్వాత అతికించిందే. మూడోది టామ్ డూలా (పాటల్లో డూలీ) కేసు. దీనికి కోర్టు సాక్ష్యాలున్నాయి, తేదీలున్నాయి, పాట చెప్పకుండా వదిలేసిన మనుషులున్నారు. దీన్నే ఖాయం చేశాం.

పాటకు పనికొచ్చే నిజాలు ఒక పేజీలో పట్టాయి. టామ్ డూలా విల్క్స్ కౌంటీ వాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన 42వ నార్త్ కరొలినా రెజిమెంటులో పనిచేసి 1865లో ఇంటికొచ్చాడు. 1866 మే 25 వేకువన లారా ఫోస్టర్ అనే అమ్మాయి తండ్రి గుర్రం ఎక్కి, ఒళ్లో బట్టల మూట పెట్టుకుని వెళ్లిపోయింది. దారిలో పొరుగామె ఒకరు చూసి పలకరించారు. గుర్రం మాత్రం తాడు తెంపుకుని ఇంటికి తిరిగొచ్చింది. మిగతా ముక్క ఒక చెట్టుకు కట్టి ఉండగా వెతికేవాళ్లకు దొరికింది. డూలా టెన్నెసీకి పోయి, హాల్ అని పేరు మార్చుకుని, జేమ్స్ గ్రేసన్ అనే రైతు దగ్గర బూట్ల డబ్బుల కోసం కొన్నాళ్లు పనిచేశాడు. గ్రేసన్ సాయంతోనే దొరికిపోయాడు. అప్పటికింకా శవం దొరకలేదు. తర్వాత దొరికినప్పుడు ఎడమ రొమ్ములో కత్తిపోటు ఉంది. గొయ్యి పొట్టిది కావడంతో కాళ్లు ముడిచి పెట్టారు.

ఇంకో మనిషి ఉంది: ఆన్ మెల్టన్. లారాకు వరసకు అక్కచెల్లెలు, పెళ్లయింది, డూలాతో సంబంధం ఉంది. ఆమె మీదా కేసు పెట్టారు. మాజీ గవర్నర్ జెబులాన్ వాన్స్ డూలా తరఫున ఫీజు లేకుండా వాదించాడు. రెండు విచారణల తర్వాత 1868 మే 1న స్టేట్స్‌విల్‌లో ఉరి. ముందు రోజు, లారా హత్యలో తన చెయ్యి ఒక్కటే ఉందని డూలా ఒక కాగితం రాసిచ్చాడు. ఆన్ విడుదలైంది. ఆమె చెయ్యి ఉందా లేదా అన్నది అక్కడివాళ్లు ఈనాటికీ తెంచుకోలేదు.

ఇప్పుడు ఊరూరా తెలిసిన పాటలో ఆన్ లేదు, వాన్స్ లేడు, రెండేళ్ల కోర్టు లేదు. గ్రేసన్ మాత్రం ఉన్నాడు, ఎవరో చెప్పకుండానే. 1929లో ఈ పాటను మొదట రికార్డు చేసిన ఫిడేలు కళాకారుడు జి. బి. గ్రేసన్ ఆ వంశంవాడే. 1958లో కింగ్‌స్టన్ ట్రియో అనే జానపద గాయక బృందం రికార్డు అమెరికా అంతా మోగింది. దాని ముందున్న మాటల్లో గ్రేసన్ ముక్కోణపు ప్రేమలో మూడో కొస అయిపోయాడు. వివరణ లేని పేరు కనిపిస్తే జనం దానికి వాళ్లే ఒక వేషం కడతారు. డిజైన్ పాఠంగా దీన్ని గోడకు అంటించాం: పేరు పెడితే కనీసం ఒక పని కూడా ఇవ్వాలి.

2వ వారం: చట్రం

రెండే కార్డ్స్ (తీగల మేళాలు) చాలు. ఈ కోవలో ఇది పిసినారితనం కాదు, పద్ధతి. మూడో కార్డు వచ్చిందంటే వినేవాడు సంగీతం వైపు చూస్తాడు, కథ చేజారుతుంది. ఎనిమిది బార్ల (ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు) చరణం ఇలా:

జి | జి | జి | డి7 | డి7 | డి7 | డి7 | జి

కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే బిగింపు) 2వ ఫ్రెట్ (గిటారు మెడ మీది మెట్టు) మీద, కాబట్టి వినబడేది ఎ శ్రుతి. గాయకుడి గొంతుకు మంద్ర పంచమం నుంచి మధ్య ధైవతం దాకా హాయిగా అందింది. కుడిచేతి పని బొటనవేలితో బేస్ (లావు తీగ), తర్వాత స్ట్రమ్ (తీగలను కలిపి మీటడం). జి మీద 6వ తీగ 3వ ఫ్రెట్, స్ట్రమ్, 4వ తీగ ఖాళీ, స్ట్రమ్. డి7 మీద 4వ తీగ, స్ట్రమ్, 5వ తీగ, స్ట్రమ్. కేపో బిగించాక 3వ తీగ దాదాపు ప్రతిసారీ పైకి పోయింది. కేపోను ఫ్రెట్‌కు ఆనించినంత దగ్గరగా జరిపి, తర్వాత మళ్లీ శ్రుతి చేయాలి. ముందు చేసిన శ్రుతి లెక్కలోకి రాదు.

నిడివి లెక్క: 4 బార్ల ఉపోద్ఘాతం, ఆపై ఎనిమిదేసి బార్ల గదులు 12. వాటిలో 6 చరణాలు, 4 పల్లవులు, 2 గిటారు విరామాలు. మొత్తం 400 బీట్లు. నిమిషానికి 100 బీట్ల వేగంలో సరిగ్గా 240 సెకన్లు.

బుర్రకథ వంత పెడదామా అన్న ఆలోచన ఒక రోజు నడిచింది. కాదనుకున్నాం. వంతలు కథకుడిని ప్రశ్నలు అడుగుతారు, కథను విప్పుతారు. తూర్పు అమెరికా అపలాచియన్ కొండల బ్యాలడ్ పని దానికి తలకిందులు. ఒక దృశ్యం దగ్గర ఆగి, తర్వాత రెండేళ్లు ఒక్క గెంతులో దాటేస్తుంది, ఎందుకో చెప్పదు. "ఆహా, తర్వాతేమైంది?" అనే గొంతు పక్కన ఉంటే ఆ గెంతు కుదరదు.

3వ వారం: మాత్రలు, ఊపిరి

ఒక పాదానికి రెండు బార్లు, అంటే 8 బీట్లు. బీటుకు రెండు మాత్రలు వేస్తే 16 మాత్రలు. చతురస్ర గతి కాబట్టి నాలుగేసి మాత్రల గణాలు నాలుగు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మొదటి ముసాయిదాలో ఒక పాదం:

మూటను కట్టిన బట్టలు ఒడిలో

మూటను, కట్టిన, బట్టలు, ఒడిలో: 4, 4, 4, 4. లెక్క గడియారంలా కుదిరింది, పాడితే రెండో చరణానికి గాయకుడికి ఊపిరాడలేదు. పాదం చివర గాలి పీల్చే చోటు లేదు. 14 మాత్రలకు తగ్గించినా అంతే, ఎందుకంటే చివరి అచ్చును సాగదీయాలనే కోరిక మిగిలిన రెండు మాత్రలనూ మింగేసింది. చివరికి మూడు గణాలే, 11 లేదా 12 మాత్రలు, ఆపైన రెండు బీట్లు ఖాళీ. ఆ ఖాళీలో గిటారు బేస్ నోటు వినబడాలి. ఇక్కడి నుంచి పాదాలు వాటంతట అవే పడ్డాయి.

ఇంకో పొరపాటు మరీ తియ్యనిది:

తండ్రి గుర్రమెక్కి పోయె

చదివితే బాగుంది. మాత్రలు లెక్కపెడితే 12, సరిపోయింది కూడా. అయినా గిటారు మీద కూర్చోదు. తండ్రి, గుర్ర, మెక్కి, పోయె: 3, 3, 3, 3. ఇది త్రిస్ర గతి, ఉయ్యాల ఊపు. వేకువన ఇల్లు వదిలిపోయే పిల్ల కోలాటానికి బయల్దేరినట్టుంది. మొత్తం 12 వస్తే చాలదు, అది 4+4+4గా విరగాలి. దిద్దాక మొదటి చరణం:

వేకువ జామున లారా
తండ్రిది గుర్రం తోలె
బట్టల మూటే ఒడిలో
దారిలొ ఒకతే చూసె

నాలుగో పాదం మొదట "ఎవరికి చెప్పక పోయె" అని ఉండేది. వినడానికి అదే మేలు. కానీ పొరుగామె సాక్ష్యం ఉంది కదా, లారా ఆమెతో మాట్లాడింది. కొట్టేశాం. కొట్టేయడం వల్ల ఒక లాభం కూడా వచ్చింది: చూసిన కళ్లు రెండు పాటలోకి వచ్చాయి.

పేర్లను గణాలుగా ముందే తూచి పెట్టుకోవడం మంచిది. లారా 4, గ్రేసన్ 4, డూలా 4. టెన్నెసీ 5, ఎక్కడా ఇమడదు. టెన్నెస్సీ అని ఒత్తి పాడితే 6, అదీ ఇమడదు. ఊరు పేరు తీసేసి గ్రేసన్ చేను పెట్టాం. డూలానా డూలీనా? ఆ కొండల్లో చివరి ఆ-కారం ఈ-కారంగా పలకడం మామూలు. ఆపెరాను ఆప్రీ అన్నదీ ఆ నోళ్లే. పిలుపుగా సాగదీయడానికి ఈ-కారమే నిలబడుతుంది, కాబట్టి డూలీ.

4వ వారం: ఎవరు చెబుతున్నారు

ఈ వారం ఒక్క పాదం కూడా పెరగలేదు, కానీ అసలు పని ఇక్కడే జరిగింది.

హత్య పాటలో గొంతు ఎవరిదన్నదే మొదటి ప్రశ్న. నాక్స్‌విల్ పాటలో చంపినవాడే "నేను" అంటాడు. 1959లో లెఫ్టీ ఫ్రిజెల్ పాడిన లాంగ్ బ్లాక్ వీల్‌లో మాట్లాడేవాడు ఉరికి పోయి పదేళ్లయింది. డూలీ పాటలో రెండు గొంతులు: పల్లవి అతణ్ని పిలుస్తుంది, చరణాల్లో అతను తన గురించి చెప్పుకుంటాడు.

"నేను"తో ఒక ముసాయిదా రాశాం. ఫలితం: "పొడిచాను" అన్న క్షణం కేసు మూతపడింది. ఆన్ సంగతి ఇక లేదు. "అతడు"తో రాస్తే "పొడిచాడు", అప్పుడూ తీర్పు అయిపోయింది. వ్యవహారిక తెలుగు క్రియ తోకలో మనిషిని కట్టుకుని తిరుగుతుంది: చాడు, చింది, చారు. ఇంగ్లీషు ఈ చోట కర్తను దాచాలంటే వాక్యాన్ని తిప్పాలి. మనకు దారి పాత పాటల్లోనే ఉంది. పోయె, చూసె, వచ్చె. ఈ రూపానికి ఆడా మగా లేదు. మొదటి చరణంలో మాత్రల కోసం వాడిన తోక, ఐదో చరణానికి వచ్చేసరికి కథకే ఇరుసు అయింది:

కత్తితొ ఎడమన పొడిచె
గుంటను గబగబ తవ్వె
గొయ్యే చాలక కాళ్ళే
ముడిచీ లోపల పెట్టె

ఎవరు? చెప్పలేదు. దాచినట్టు కూడా లేదు, పాట భాషే అలా ఉంది కాబట్టి వినేవాడికి అనుమానం రాదు. రెండోసారి విన్నప్పుడు తడుతుంది. పొడిచింది ఒకరు, తవ్వింది ఇంకొకరు కావడానికి కూడా చోటుంది. ఈ చరణంలో ఒక్క విశేషణం పెట్టలేదు. "పాపం", "ఘోరం" లాంటి మాట ఒక్కటి పడినా కథకుడు ఎవరి పక్షమో తెలిసిపోతుంది. "గబగబ" మీద కూడా వాదన నడిచింది. అది పనితీరు చెప్పేదే తప్ప తీర్పు కాదని ఉంచాం.

జాగ్రత్త: ఈ నియమం పాట మొత్తానికీ వర్తించాలి. మూడో చరణంలో "పనికి కుదిరాడు" అని ఒక్కచోట రాస్తే, ఐదో చరణంలో "పొడిచె" ఉద్దేశపూర్వకంగా దాచినట్టు అనిపిస్తుంది. అందుకని అక్కడా అదే తోక:

కాలికి బూటులు లేవే
హాలని చెప్పెను పేరు
గ్రేసన్ చేలో పనికే
నాలుగు నాళ్ళే కుదిరె

గ్రేసన్‌కు ఒక చేను, ఒక పని దొరికాయి. ఇక అతణ్ని ఎవరూ ప్రియుడు అనుకోరు.

కోర్టు చరణం రాసి తీసేశాం. వాన్స్ లాంటి పేరున్న లాయరు వస్తే ఆకర్షణే, కానీ వాదన పాటలో ఇమడదు. గొయ్యి చరణం తర్వాత గిటారు విరామం ఒకటి, అది అయ్యేసరికి 1868. ఎనిమిది బార్లలో రెండేళ్లు.

5వ వారం: పల్లవి చెడింది, తాడు దొరికింది

పాత పల్లవి మాటల దరిదాపుల్లోకి పోకుండా కొత్తది:

కొండకు చెప్పకు డూలీ
ఏటికి చెప్పకు డూలీ
ఉరికే చెప్పర డూలీ
ఒకటే మాటర డూలీ

పరీక్ష రికార్డింగ్ విన్న నలుగురిలో ముగ్గురు మూడో పాదాన్ని "ఊరికే చెప్పరా" అని విన్నారు. అంటే "ఉత్తినే చెప్పు". ఉరికంబం కాస్తా రచ్చబండ అయింది. గాయకుడి తప్పు కాదు. 100 బీట్ల వేగంలో ఒక్క మాత్ర 0.3 సెకను. మాట్లాడేటప్పుడు హ్రస్వం అంతసేపు నిలవదు. బార్ మొదటి దెబ్బ మీద పడిన "ఉ" ఆ నిడివికి దీర్ఘంగా వినబడుతుంది. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది కాబట్టి, నెమ్మది పాటలో మొదటి దెబ్బ మీద పెట్టే హ్రస్వాలన్నిటినీ ఇలా సరిచూసుకోవాలి.

రెండు మార్పులు చేశాం. వేగం 112కి పెంచితే మాత్ర 0.27 సెకనుకు దిగింది, పాట 3 నిమిషాల 34 సెకన్లకు కుదించుకుంది. అది చాలలేదు. మాటే మార్చాలి. దీర్ఘంతో మొదలయ్యే నాలుగు మాత్రల మాట కావాలి: తాడుకి. మార్చాక చూస్తే రెండో చరణంలో అప్పటికే తాడుంది:

సగమే తాడుతొ గుర్రం
ఇంటికి ఒకటే వచ్చె
చెట్టున మిగిలిన సగమే
వెతికిన వాళ్ళకు దొరికె

గుర్రం తెంపుకున్న తాడు, ఉరితాడు, రెంటికీ ఒకే మాట, ఎవరూ ఎత్తిచూపకుండా. "తాడుకి చెప్పర డూలీ" ఖాయమైంది. "దారిలొ ఒకతే", "ఇంటికి ఒకటే", "ఒకటే మాటర" కూడా అనుకోకుండా వరస కట్టాయి. ఒకే మాట ప్రతిసారీ కొంచెం మారి తిరిగి రావడం ఈ కోవ పాటల పాత కిటుకు. తీసేయకుండా ఆఖరి చరణంలో ఇంకోసారి వాడాలని గుర్తు పెట్టుకున్నాం.

వరుసలో ఒక చిక్కు. స రి గ ప ద ఐదు స్వరాలతో కట్టాం, కొండ పాటలకు అలవాటైన గుత్తి. మన చెవికి అది మోహన. లలిత సంగీతం నేర్చిన గొంతు "డూలీ" దగ్గర గాంధారం నుంచి రిషభానికి జారింది, అంతే, కొండలు పోయి సినిమా వెన్నెల వచ్చింది. విరుగుడు: జారుడు లేదు, గమకం లేదు, "లీ" ఒకటిన్నర బీట్లకు తెగిపోవాలి. డి7 ఉన్న నాలుగు బార్లలో గొంతు రి, ప మీదే నిలబడాలి. గాయకుడు ఏడవకూడదు. ఈ పాటల్లో గొంతు వార్త చదివినట్టుంటేనే భయం.

6వ వారం: రికార్డింగ్

గిటారు మైకు, మెడ ఒంటిని కలిసే చోటుకు ఎదురుగా 25 సెంటీమీటర్లు. గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెట్టిన మొదటి టేకులో బేస్ గుమ్మటంలో మోగినట్టు ఉబ్బింది, పారేశాం. గొంతు మైకు 15 సెంటీమీటర్లు, ముందు పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర). ప, బ, భ కంటే "చెప్పకు"లోని ద్విత్వమే ఎక్కువ గాలి కొట్టింది, మైకును నోటికి కొంచెం పక్కకు తిప్పితే తగ్గింది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. శబ్దం శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర. గొంతు మీద 80 హెర్ట్జ్ కింద కోత. రెవర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) లేదు. గదిలో మూడు గోడలకు బొంతలు కట్టాం.

గిటారు ముందు, గొంతు తర్వాత అని విడివిడిగా చేస్తే, పాదం చివరి ఖాళీల్లో గాయకుడు క్లిక్ (చెవిలో వేగం చెప్పే టిక్‌టిక్) కోసం ఎదురుచూస్తున్నట్టు దొరికిపోయాడు. క్లిక్ తీసేసి రెండూ ఒకేసారి రికార్డు చేశాం. 9వ టేకు. వేగం ఐదో చరణంలో కాస్త ముందుకు పరిగెత్తింది, 112 నుంచి 115 దాకా. "గుంటను గబగబ తవ్వె" దగ్గర అది చెడు కాదు, ఉంచాం.

ఆఖరి చరణం నాలుగు రూపాలు మారింది. నిలిచింది ఇది:

కాగిత మొక్కటి ఇచ్చె
నేనే ఒకడిని అనియె
తెల్లారితె మే ఒకటి
తాడే విన్నది డూలీ

హత్య విషయంలో ఎక్కడా ఆడా మగా చెప్పని పాటలో, ఆ ముడి విప్పే మాట "ఒకడిని". అదీ కథకుడు అన్నది కాదు, అతని కాగితం అన్నది. నమ్మాలో లేదో వినేవాళ్ల ఇష్టం. గాయకుడికి ఇచ్చిన సూచన ఒక్కటే: "ఒకడిని"లో "డి" మీద ఏ బరువూ వేయొద్దు. రెండు టేకుల్లో వేశాడు, రెండూ పక్కన పడ్డాయి.

చివర పల్లవి ఉండాలా? లెక్క ప్రకారం నాలుగో పల్లవి అక్కడే. పెట్టి విన్నాం, తీసి విన్నాం. "తాడే విన్నది" అన్నాక "తాడుకి చెప్పర" అంటే కాలం వెనక్కి నడిచినట్టుంది. తీసేశాం. ఇప్పుడు 11 గదులు, 368 బీట్లు, 3 నిమిషాల 17 సెకన్లు. ఆఖరి జి కార్డు కూడా లేదు. డి7 నాలుగు బార్లు అయ్యాక ఎనిమిదో బార్‌లో 6వ తీగ బేస్ ఒక్కటి మోగుతుంది, స్ట్రమ్ రాదు. ఆ తీగ పూర్తిగా ఆరేదాకా 6 సెకన్లు ఫైలులో వదిలాం. మిగిలిన పని: రెండో విరామంలో మూడో బార్ దగ్గర కుర్చీ కిర్రుమంది, దాన్ని 4వ టేకు నుంచి అతకాలి.